పేపర్ బ్యాలెట్, ఆడిట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికల మెషీన్ల గురించి మాట్లాడితే చాలు, రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకరు "అంతా మోసం" అంటారు, ఇంకొకరు "అనుమానమే అక్కర్లేదు" అంటారు. రెండిటికీ ఆధారం చూపించమంటే ఇద్దరూ నీళ్లు నములుతారు. మేం అడుగుతున్నది ఆ ఆధారమే. ప్రతి ఓటుకూ ఓటరు తన కళ్లతో చూసుకున్న కాగితం ఒకటి ఉండాలి. ఫలితం ఖరారు చేసేలోపు ఆ కాగితాల్లోంచి కొన్నిటిని లాటరీ పద్ధతిలో తీసి, మనుషులు చేత్తో లెక్కపెట్టి, మెషీన్ చెప్పింది నిజమో కాదో తేల్చాలి. దీని మీద తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఇంతకీ ఏ ఎన్నికలో మోసం జరిగిందంటారు?

ఫలానా ఎన్నికలో మెషీన్లు మార్చేశారని మేం అనడం లేదు. మా బాధ వేరు. కాగితం లేని మెషీన్‌తో ఎన్నిక జరిగితే, మోసం జరిగిందని ఎవరూ నిరూపించలేరు, జరగలేదనీ నిరూపించలేరు.

2006లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, సారసోటా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇదే జరిగింది. అక్కడ ప్రతినిధుల సభ సీటుకు పోటీ హోరాహోరీగా సాగింది. కౌంటింగ్ అయ్యాక చూస్తే దాదాపు 18 వేల మంది మిగతా పదవులకు ఓటేసి, అందరూ మాట్లాడుకుంటున్న ఆ ఒక్క సీటుకు మాత్రం ఓటు వేయనట్టు మెషీన్లలో నమోదైంది. గెలిచిన తేడా 369 ఓట్లు. స్క్రీన్ మీద ఆ పోటీ సరిగ్గా కంటపడక జనం వదిలేశారని కొందరన్నారు, మెషీన్లే మింగేశాయని కొందరన్నారు. నిపుణులు మెషీన్లను పరీక్షించి, లోపమేమీ దొరకలేదన్నారు. అయినా ఆ 18 వేల మంది అసలు ఏం చేయాలనుకున్నారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. గెలిచినాయనకు గెలిచానన్న నిశ్చింత లేదు, ఓడినావిడకు ఓడానన్న నమ్మకం లేదు.

మెషీన్ లెక్క తప్పుతుందా? కూడికలే కదా చేసేది?

తప్పుతుంది. దానికి హ్యాకర్లు కూడా అక్కర్లేదు.

2003లో బెల్జియం ఎన్నికల్లో, బ్రస్సెల్స్ దగ్గరి స్కార్బేక్‌లో ఒక అభ్యర్థికి వచ్చే అవకాశమే లేనన్ని ఓట్లు వచ్చాయి. ఎన్నికల సిబ్బందికి అనుమానం వచ్చి, ఓటర్లు వేసిన మాగ్నెటిక్ కార్డులను మళ్లీ మెషీన్‌కు పెట్టి లెక్కిస్తే సరిగ్గా 4,096 ఓట్లు ఎక్కువగా తేలాయి. కంప్యూటర్లతో పని చేసేవాళ్లు ఆ అంకె చూడగానే నవ్వుకుంటారు. రెండును పన్నెండుసార్లు గుణిస్తే వచ్చేది 4,096. అంటే మెమరీలో ఒకే ఒక్క బిట్, అంటే సున్నానో ఒకటినో దాచుకునే అతి చిన్న గడి, సున్నా నుంచి ఒకటికి మారిందన్నమాట. ఎందుకు మారిందో ఖాయంగా తేలలేదు. ఆ ఓట్లు అసాధ్యమైన సంఖ్యలో వచ్చాయి కాబట్టి దొరికిపోయింది. అదే బిట్ ఇంకాస్త నమ్మదగ్గ అంకె దగ్గర మారి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

2004లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, కార్టెరెట్ కౌంటీలో మెషీన్ మెమరీ నిండిపోయింది. నిండాక వేసిన ఓట్లను కూడా అది తీసుకుంటున్నట్టే నటిస్తూ పోయింది. 4,438 ఓట్లు గాల్లో కలిసిపోయాయి. అదే ఎన్నికలో రాష్ట్ర వ్యవసాయ కమిషనర్ పదవికి గెలుపోటముల మధ్య తేడా 2,287. మెషీన్ మింగిన ఓట్లే తేడా కంటే ఎక్కువ!

ఇక దీనికి ఎదురు కథ. 2019లో పెన్సిల్వేనియాలోని నార్తాంప్టన్ కౌంటీలో, జడ్జి పదవికి పోటీ చేసిన ఒక అభ్యర్థికి దాదాపు 55 వేల బ్యాలెట్లలో 164 ఓట్లే వచ్చాయని మెషీన్లు చెప్పాయి. ఇదేదో తేడాగా ఉందని అదే రాత్రి కాగితాలు బయటికి తీసి స్కాన్ చేశారు. ఆయనే స్వల్ప మెజారిటీతో గెలిచాడని తేలింది. తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టడానికి తర్వాత చాలా రోజులు పట్టింది. కానీ ఫలితం మాత్రం తెల్లారేసరికి చేతికి వచ్చింది. సారసోటాకూ దీనికీ తేడా అంతా ఆ కాగితాల్లోనే ఉంది.

నిజంగా ఎవరైనా హ్యాక్ చేసి చూపించారా?

చాలాసార్లు. 2005 డిసెంబర్‌లో ఫ్లోరిడాలోని లియోన్ కౌంటీ ఎన్నికల అధికారి ఇయాన్ సాంచో స్వయంగా ఒక పరీక్షకు ఒప్పుకున్నారు. ఎనిమిది మంది ఓటేశారు. ప్రశ్న ఏమిటంటే, మెమరీ కార్డుతో ఈ మెషీన్‌ను హ్యాక్ చేయవచ్చా? ఆరుగురు "కాదు" అని, ఇద్దరు "అవును" అని కాగితం మీద గుర్తు పెట్టారు. మెషీన్ స్కాన్ చేసి ఇచ్చిన ఫలితం: అవును 7, కాదు 1. ఫిన్లండ్‌కు చెందిన హారీ హుర్స్టి అనే భద్రతా నిపుణుడు ముట్టుకున్నది ఆ మెమరీ కార్డును మాత్రమే. మెషీన్ జోలికి వెళ్లలేదు, పాస్‌వర్డ్ దొంగిలించలేదు. అసలు బ్యాలెట్లు పక్కనే ఉన్నాయి కాబట్టి ఎనిమిదీ లెక్కపెట్టి అబద్ధాన్ని పట్టుకోగలిగారు.

2006లో నెదర్లాండ్స్‌లో రాప్ గోన్‌గ్రైప్ బృందం ఓటింగ్ మెషీన్లను విప్పి పరిశీలించింది. ఇది ఓటింగ్‌కు మాత్రమే పనికొచ్చే యంత్రం, దీనితో చదరంగం ఆడించండి చూద్దాం అన్న ధోరణిలో తయారీదారు సవాలు చేశాడు. వాళ్లు ఆ మెషీన్‌తో నిజంగానే చదరంగం ఆడించారు. కొద్ది కాలానికే ఆ దేశం పేపర్ బ్యాలెట్‌కు తిరిగి వెళ్లిపోయింది.

వర్జీనియా రాష్ట్రంలో ఏళ్ల తరబడి వాడిన ఒక రకం మెషీన్‌కు వైఫై ఉండేది. దాని పాస్‌వర్డ్ "ఏబీసీడీఈ". 2015లో ఆ మెషీన్లను రద్దు చేశారు. పరీక్షించమని అడిగేవాళ్లు లేకపోతే ఇంకెన్నాళ్లు నడిచేవో.

మెషీన్‌కు ఇంటర్నెట్ లేకపోతే భయమేముంది?

ఇంటర్నెట్ లేకపోవడం మంచిదే. దూరంగా కూర్చుని చేసే దాడులు చాలావరకు ఆగిపోతాయి. కానీ లియోన్ కౌంటీ మెషీన్‌కు కూడా ఇంటర్నెట్ అవసరం పడలేదు. అభ్యర్థుల పేర్లో గుర్తులో మెషీన్‌లోకి ఎక్కించాలంటే ఎవరో ఒకరు ఏదో ఒక పరికరం తగిలించాల్సిందే. చిప్ తయారుచేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, రిపేర్లు చేసేవాళ్లు, గోడౌన్‌లో కాపలా ఉండేవాళ్లు, వీళ్లంతా మనుషులే. అందరూ నిజాయితీపరులని అనుకున్నా, పొరపాటు చేయని మనుషులు ఉండరు కదా.

మరి సోర్స్ కోడ్ బయటపెడితే?

సోర్స్ కోడ్ అంటే మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ రాత. దాన్ని బయటపెట్టాలి, మేం సమర్థిస్తాం. కానీ బయటపెట్టిన కోడే పోలింగ్ రోజు ఆ మెషీన్‌లో నడిచిందని ఎవరు చెప్పాలి? మెషీన్‌నే అడిగితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

పోలింగ్‌కు ముందు మాక్ పోల్ చేస్తారుగా?

మంచి అలవాటు. బటన్ పనిచేయడం లేదనో, గుర్తులు తారుమారయ్యాయనో అప్పుడే తెలిసిపోతుంది. అంతకు మించి ఏమీ చెప్పదు. మాక్ పోల్‌లో మెషీన్ ఎలా ప్రవర్తించిందో మాత్రమే తెలుస్తుంది, మధ్యాహ్నం మూడింటికి ఎలా ప్రవర్తించిందో తెలియదు.

అయితే మెషీన్లే వద్దంటారా?

వద్దనడం లేదు. లెక్కింపుకు స్కానర్లు వాడుకోండి, ఫలితం త్వరగా ఇవ్వండి. మెషీన్ మాటే ఆఖరి మాట కాకూడదన్నది మా వాదన.

కంప్యూటర్ భద్రతలో దిగ్గజం, కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు గ్రహీత రొనాల్డ్ రివెస్ట్, జాన్ వాక్ అనే పరిశోధకుడితో కలిసి 2006లో దీనికో కొలబద్ద చెప్పారు. సాఫ్ట్‌వేర్‌లో ఎవరి కంటా పడని లోపం ఉన్నా సరే, దానివల్ల ఫలితం మారితే ఆ మార్పు తప్పకుండా బయటపడే ఏర్పాటు ఉండాలి. ఏ ఓటింగ్ పద్ధతినైనా ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షించవచ్చు. 2018లో అమెరికా జాతీయ అకాడెమీల నివేదిక కూడా మనుషులు చదవగలిగే పేపర్ బ్యాలెట్లు, వాటి మీద ఆడిట్లు ఉండాలనే సిఫారసు చేసింది.

ఎలాంటి కాగితమైనా పర్వాలేదా?

కాగితాలన్నీ ఒకటి కాదు. అన్నిటికన్నా గట్టిది ఓటరు పెన్నుతోనో ముద్రతోనో స్వయంగా గుర్తు పెట్టిన బ్యాలెట్. మధ్యలో ఇంకెవరూ ఉండరు. రెండోది, స్క్రీన్ మీద నొక్కితే మెషీన్ ప్రింట్ చేసి ఇచ్చే బ్యాలెట్. మూడోది, అద్దం వెనక కొన్ని సెకన్లు కనబడి డబ్బాలో పడిపోయే స్లిప్పు.

రెండో, మూడో రకాల్లో చిక్కేమిటంటే, ఓటరు చూస్తేనే ఆ కాగితానికి విలువ. మిచిగన్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక నమూనా ఎన్నిక పెట్టి, ప్రింట్ అయ్యే ప్రతి బ్యాలెట్‌లోనూ కావాలనే ఒక తప్పు దూర్చారు. బ్యాలెట్‌ను పరిశీలనగా చూసినవాళ్లు సుమారు 40 శాతం. తప్పుందని సిబ్బందికి చెప్పినవాళ్లు 6.6 శాతం మాత్రమే. ఈ ఫలితాలు 2020లో వచ్చాయి. "ఒకసారి చూసుకోండి" అని సిబ్బంది నోటితో చెబితే, లేదా ఓటరు ముందే రాసుకొచ్చిన చీటీతో పోల్చుకుంటే, పట్టుకునేవాళ్ల సంఖ్య బాగా పెరిగిందని కూడా అందులోనే తేలింది. బ్యాలెట్ మీద బార్‌కోడ్ ముద్రించి, దాన్నే స్కానర్ చదివే పద్ధతి మాకు అసలు నచ్చదు. బార్‌కోడ్‌లో ఏముందో ఏ ఓటరు చదవగలడు?

కాగితం ఉన్న రోజుల్లో రిగ్గింగ్ జరగలేదా? బాక్సులు ఎత్తుకుపోలేదా?

జరిగింది. దీన్ని దాటేసి మాట్లాడితే మా వాదనకే అన్యాయం. 1948లో టెక్సాస్‌లో సెనేట్ సీటుకు లిండన్ జాన్సన్ 87 ఓట్లతో పార్టీ టికెట్ గెలిచారు. పోలింగ్ అయిన ఆరు రోజులకు ఆలిస్ అనే ఊళ్లోని 13వ నంబర్ బాక్సు నుంచి కొత్తగా 202 ఓట్లు ప్రత్యక్షమయ్యాయి. అందులో 200 ఆయనవే. ఓటర్ల జాబితాలో ఆ పేర్లన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, అక్షర క్రమంలో ఉన్నాయి. ఓటర్లు అక్షర క్రమంలో క్యూ కట్టరు కదా!

భారత్‌లో బూత్ ఆక్రమణల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈవీఎంలు వచ్చాక ఒక్కసారిగా వందల ఓట్లు గుద్దేయడం కష్టమైంది. అది నిజమైన మేలు, దాన్ని వదులుకోమని మేం చెప్పం.

అయితే ఈ మోసాల్లో ఒక లక్షణం గమనించండి. బాక్సు ఎత్తుకెళ్లాలంటే మనుషులు కావాలి, సాక్షులు ఉంటారు, ఎన్ని బూత్‌లలో చేయాలనుకుంటే అన్ని ముఠాలు కావాలి. సాఫ్ట్‌వేర్ మారిస్తే ఒక్క మనిషి, ఒక్క పూట. కాగితానికి మేం అడిగే భద్రత ఏమిటంటే: సీలు నంబర్లు రాసుకోవడం, ఏజెంట్ల సంతకాలు, ఎన్ని బ్యాలెట్లు ఇచ్చారో ఎన్ని వాడారో ఎన్ని మిగిలాయో లెక్క సరిపోవడం, స్ట్రాంగ్ రూమ్ తలుపు ఎప్పుడు ఎవరు తీశారో రికార్డు ఉండటం.

ఆ జాగ్రత్తలు ఎంత ముఖ్యమో ఆస్ట్రియా చూపించింది. 2016 అధ్యక్ష ఎన్నికలో తేడా 30,863 ఓట్లు. పోస్టల్ బ్యాలెట్ల కవర్లను నిర్ణీత సమయానికి ముందే, ఉండాల్సినవాళ్లు లేకుండానే తెరిచారని తేలింది. అలా తెరిచినవి 77,926. ఓట్లు తారుమారు చేశారన్న ఆధారం లేదు. అయినా రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఎన్నికను రద్దు చేసి మళ్లీ పెట్టించింది. డిసెంబర్‌లో మొదట గెలిచినాయనే మరింత మెజారిటీతో గెలిచారు. అతి అనుకునేవాళ్లు ఉండొచ్చు. మాకు మాత్రం అది సరైన పట్టుదల అనిపిస్తుంది.

ఆడిట్ అంటే రీకౌంటింగేనా?

కాదు. రీకౌంటింగ్ అంటే అన్ని ఓట్లూ మళ్లీ లెక్కపెట్టడం. తేడా బాగా తక్కువగా ఉన్నప్పుడో, ఎవరైనా కోర్టుకెక్కినప్పుడో చేస్తారు. ఆడిట్ ప్రతి ఎన్నికకూ, ఎవరూ అడగకపోయినా, ఫలితం ఖరారయ్యే ముందే జరగాలి. కొన్ని బ్యాలెట్లు చూస్తారు. అవి ఫలితాన్ని బలపరిస్తే ఆపేస్తారు, లేదంటే ఇంకొన్ని, ఇంకొన్ని, చివరికి అవసరమైతే అన్నీ.

ఇంకో సంగతి. అవే బ్యాలెట్లను అదే మెషీన్‌లో మళ్లీ పెట్టి తిప్పడాన్ని ఆడిట్ అనరు.

కొన్ని బ్యాలెట్లు చూస్తే కోట్ల ఓట్ల సంగతి ఎలా తెలుస్తుంది?

దీన్ని రిస్క్ లిమిటింగ్ ఆడిట్ అంటారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ గణాంక శాస్త్రవేత్త ఫిలిప్ స్టార్క్ 2008 ప్రాంతంలో దీనికి రూపమిచ్చారు. ముందుగా ఒక హద్దు పెట్టుకుంటారు, 5 శాతం అనుకోండి. ప్రకటించిన విజేత నిజానికి ఓడిపోయి ఉంటే, ఆ తప్పు ఆడిట్‌కు దొరక్కుండా తప్పించుకునే అవకాశం 5 శాతానికి మించకూడదని దాని అర్థం. అంటే తప్పుడు ఫలితం కనీసం 95 శాతం సందర్భాల్లో పూర్తి లెక్కింపు దాకా వెళ్లి సరిదిద్దుకుంటుంది.

ఎన్ని బ్యాలెట్లు చూడాలన్నది మొత్తం ఓట్ల మీద కన్నా గెలుపు తేడా మీద ఆధారపడుతుంది. చాలామంది నమ్మని విషయం ఇదే. ఇద్దరి మధ్య తేడా 20 శాతం ఉంటే, ఫలితం సరైనదే అయితే, సగటున 150 బ్యాలెట్లు చాలు. 10 శాతమైతే 600. తేడా 2 శాతానికి పడిపోతే 15 వేల దాకా వెళ్తుంది. ఓటర్లు లక్ష మంది ఉన్నా కోటి మంది ఉన్నా ఈ అంకెలు పెద్దగా మారవు. ప్రతి బ్యాలెట్‌నూ మెషీన్ ఎలా చదివిందో విడిగా రికార్డు ఉంటే, ఆ కాగితాన్నీ ఆ రికార్డునూ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. అప్పుడు 2 శాతం తేడాకు కూడా 300 చిల్లర బ్యాలెట్లతో పని అయిపోతుంది.

అమెరికాలో దీన్ని రాష్ట్రమంతటా అమలు చేసిన మొదటి రాష్ట్రం కొలరాడో, 2017లో. అక్కడ ఏ బ్యాలెట్లు చూడాలో నిర్ణయించే తీరు చూడముచ్చటగా ఉంటుంది. పది ముఖాల పాచికలను జనం ముందు వేస్తారు. ఒక్కో అంకెనూ పైకి చదివి రాస్తూ 20 అంకెల సంఖ్య తయారుచేస్తారు. ఆ సంఖ్యను అందరికీ తెలిసిన ఒక ప్రోగ్రామ్‌కు ఇస్తే, ఏ కౌంటీలో ఏ పెట్టెలో ఎన్నో బ్యాలెట్ తీయాలో జాబితా వస్తుంది. ఇంట్లో కూర్చున్న ఎవరైనా అదే సంఖ్యతో అదే జాబితా రాబట్టి సరిచూసుకోవచ్చు. ముఖ్యమైన నియమం ఒకటుంది: ఓట్ల లెక్క ప్రకటించి, బ్యాలెట్లను వరసగా సర్ది తాళం వేసిన తర్వాతే పాచికలు వేయాలి. ఏవి తీస్తారో ముందే తెలిస్తే, వాటిని వదిలేసి మిగతా చోట్ల చెయ్యి పెడతారు.

భారత్‌లో వీవీప్యాట్ స్లిప్పులు లెక్కిస్తున్నారు కదా, అది చాలదా?

వీవీప్యాట్ అంటే పైన చెప్పిన మూడో రకం, అద్దం వెనక కనబడి డబ్బాలో పడే స్లిప్పు. దానితో సగం దారి వచ్చింది. పేపర్ ట్రెయిల్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013 అక్టోబర్‌లో చెప్పింది. అంతకు ముందు నెలలోనే నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో వీవీప్యాట్‌ను మొదటిసారి వాడారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని బూత్‌లకూ వచ్చింది. అప్పటికి అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఒక్క బూత్ స్లిప్పులే లెక్కించేవారు. చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్ష పార్టీల నేతలు 50 శాతం లెక్కించాలని కోర్టుకు వెళ్తే, 2019 ఏప్రిల్ 8న దాన్ని ఐదు బూత్‌లకు పెంచారు. నూటికి నూరు శాతం లెక్కించాలన్న పిటిషన్‌ను 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు కొట్టేసింది. అయితే రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఏడు రోజుల్లోగా రాసిస్తే 5 శాతం ఈవీఎంల మైక్రోకంట్రోలర్లను (లోపలి చిప్‌లను) తనిఖీ చేయించే వీలు కల్పించింది.

స్లిప్పు ఓటరుకు 7 సెకన్లు కనిపిస్తుంది. స్లిప్పుల లెక్కకూ మెషీన్ లెక్కకూ తేడా వస్తే స్లిప్పుల లెక్కే చెల్లుతుందని ఎన్నికల నిర్వహణ నియమాల్లో 56డీ చెబుతోంది. ఇది చాలా మంచి నియమం, చాలామందికి తెలియదు.

మా పేచీ ఆ "ఐదు" తోనే. మెజారిటీ లక్ష ఉన్నా వంద ఉన్నా ఐదే. ఏడు సెగ్మెంట్లున్న లోక్‌సభ నియోజకవర్గంలో 35 బూత్‌లు లెక్కిస్తారు. అక్కడ 1,750 బూత్‌లు ఉన్నాయనీ, వాటిలో 2 శాతం, అంటే 35 బూత్‌లలో లెక్క తప్పిందనీ అనుకుందాం. లాటరీలో తీసిన 35లో వాటిలో ఒక్కటీ తగలకపోయే అవకాశం దాదాపు సగానికి సగం. పోటీ ఏకపక్షంగా ఉంటే ఫర్వాలేదు, ఆ కొన్ని బూత్‌లు ఫలితాన్ని మార్చలేవు. పోటీ గట్టిగా ఉన్నప్పుడే ఈ ఐదు ఎందుకూ కొరగాదు, ఆడిట్ అవసరం అసలు పడేది కూడా అప్పుడే. అందుకే అన్ని స్లిప్పులూ ప్రతిసారీ లెక్కించమని మేం పట్టుబట్టం. తేడాను బట్టి బూత్‌ల సంఖ్య పెరగాలి, ఒక్క బూత్‌లో లెక్క తప్పినా ఎన్ని బూత్‌లకు విస్తరించాలో ముందే రాసిపెట్టి ఉండాలి అంటున్నాం.

ఆడిట్‌లో తేడా బయటపడితే గొడవలు కావా?

బయటపడకపోతేనే గొడవ. 2020లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం అధ్యక్ష ఎన్నికకు ఆడిట్ మొదలుపెట్టింది. తేడా మరీ తక్కువగా ఉండటంతో దాదాపు 50 లక్షల బ్యాలెట్లనూ చేత్తో లెక్కించారు. ఫ్లాయిడ్ కౌంటీలో సుమారు 2,600 ఓట్లు అసలు లెక్కలోకే రాలేదని, ఫేయెట్ కౌంటీలో 2,755 ఓట్లున్న మెమరీ కార్డు ఎక్కించడం మరిచిపోయారని అప్పుడే తెలిసింది. అవి కలిపాక తేడా కొంత తగ్గింది కానీ విజేత మారలేదు. ఆడిట్ అంటే ఇదీ. తప్పులు దొరికాయి, సరిదిద్దారు, ఫలితం నిలబడింది.

అదే ఏడాది మిచిగన్‌లోని ఆంట్రిమ్ కౌంటీలో, బ్యాలెట్‌లో ఆఖరి నిమిషంలో చేసిన మార్పును అన్ని మెషీన్లలో ఎక్కించకపోవడంతో మొదటి రాత్రి ఫలితం తలకిందులుగా వచ్చింది. తర్వాత సరిచేశారు. అయినా పుకార్లు ఆగలేదు. డిసెంబర్‌లో కాగితాలన్నీ చేత్తో లెక్కపెడితే, సరిచేసిన లెక్కకూ దానికీ తేడా 12 ఓట్లు.

ఓడిన పార్టీయే మనుషులను పెట్టి ఆడిట్ చేయిస్తే?

దాన్ని మేం ఆడిట్ అనం. 2021లో అరిజోనాలోని మారికోపా కౌంటీలో అలాంటి తంతే జరిగింది. ఎన్నికల అనుభవం లేని ఒక ప్రైవేటు కంపెనీకి 21 లక్షల బ్యాలెట్లు అప్పగించారు. నెలల తరబడి సాగింది. నియమాలు మధ్యలో మారాయి. ఇంత చేసి చివరికి వాళ్లిచ్చిన లెక్కలో గెలిచినాయనకు 99 ఓట్లు పెరిగి, ఓడినాయనకు 261 తగ్గాయి. అసలు ఆడిట్‌కు నియమాలు పోలింగ్‌కు ముందే ఉంటాయి, అన్ని పార్టీల ఏజెంట్లూ చూస్తుంటారు, బ్యాలెట్లు ఎన్నికల సంఘం కాపలా దాటి పోవు.

ఫలితాలు ఆలస్యమవుతాయేమో?

మొదటి ఫలితం ఇప్పుడొచ్చినంత త్వరగానే వస్తుంది. అధికారికంగా ఖరారు కావడానికి మాత్రం కొన్ని రోజులు పట్టవచ్చు. టీవీ చానళ్లకు తప్ప ఎవరికీ నష్టం లేదు.

ఖర్చు మాటేమిటి?

కాగితం ఖర్చు, మనుషుల ఖర్చు ఉంటాయి. ఆడిట్ చేయని మెషీన్ల ఖర్చు కూడా చూడండి. ఐర్లండ్ 5 కోట్ల యూరోలకు పైగా పోసి దాదాపు 7,500 మెషీన్లు కొంది. వాటిని నమ్మలేమని నిపుణుల కమిషన్ చెప్పడంతో గోడౌన్లలో పెట్టి అద్దెలు కట్టింది. 2012లో పాత ఇనుము కింద అమ్మితే సుమారు 70 వేల యూరోలు వచ్చాయి.

స్లిప్పు ఇంటికి తీసుకెళ్తే ఇంకా నమ్మకం కలుగుతుంది కదా?

వద్దే వద్దు. ఓటు ఎవరికి వేశారో చూపించే కాగితం బయటికి వస్తే, డబ్బు పంచినవాడు "చూపించు" అంటాడు, బెదిరించినవాడూ అదే అంటాడు. ఓటరు చూసుకోవాలి, బాక్సులో వేయాలి, ఉత్త చేతులతో బయటికి రావాలి.

చూపు లేనివాళ్లు, చేతులు కదపలేనివాళ్లు కాగితం మీద ఎలా ఓటేస్తారు?

వాళ్లకు శబ్దంతో, బటన్లతో పనిచేసి బ్యాలెట్ ప్రింట్ చేసే మెషీన్ ప్రతి పోలింగ్ కేంద్రంలో ఉండాలి. ఆ బ్యాలెట్ మిగతావాటిలాగే కనబడాలి, లేకపోతే ఎవరి ఓటో తెలిసిపోతుంది. ప్రింట్ అయినదాన్ని తిరిగి చదివి వినిపించే ఏర్పాటు ఇంకా సంతృప్తికరంగా లేదని ఒప్పుకోవాలి. పేపర్ బ్యాలెట్ వాదులు చాలాకాలం ఈ ఓటర్లను పట్టించుకోలేదన్న విమర్శలో నిజముంది.

బ్యాంకు పనులన్నీ ఫోన్‌లో చేస్తున్నాం, ఓటు ఎందుకు వేయకూడదు?

బ్యాంకులో మీ పేరు మీద తప్పు జరిగితే స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. ఓటుకు మీ పేరు తగిలించడానికి వీల్లేదు, కాబట్టి ఆ దారి లేదు. పైగా మీ ఫోన్‌లో ఏ వైరస్ ఉందో మీకే తెలియదు.

2010లో వాషింగ్టన్ నగరం ఇంటర్నెట్ ఓటింగ్‌ను ప్రయోగాత్మకంగా పెట్టి, కావాలంటే దాడి చేసి చూసుకోండి అంది. మిచిగన్ యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్, ఆయన విద్యార్థులు 48 గంటల్లో లోపలికి దూరి ఓట్లన్నీ మార్చేశారు. సర్వర్ రూమ్ కెమెరాల్లో సిబ్బందిని చూస్తూ కూర్చున్నారు. అధికారులు పసిగట్టడానికి దాదాపు రెండు పనిదినాలు పట్టింది. ఎస్టోనియా 2005 నుంచి ఆన్‌లైన్ ఓటింగ్ నడుపుతోంది, 2023లో సగానికి పైగా ఓట్లు అలాగే పడ్డాయి. అక్కడ ప్రతి పౌరుడికీ డిజిటల్ గుర్తింపు కార్డు ఉంది. అయినా కాగితం లేని ఆ ఓట్లను స్వతంత్రంగా ఎలా సరిచూడాలన్న చర్చ అక్కడా తెగలేదు. బ్లాక్‌చెయిన్ (ఒకే రికార్డును చాలా కంప్యూటర్లు కలిసి దాచుకునే పద్ధతి) సంగతంటారా, లోపల పడిన రికార్డును ఎవరూ మార్చలేరు, సరే. తప్పుడు ఓటు లోపల పడితే దాన్ని కూడా ఎవరూ మార్చలేరు.

ఓటర్ల జాబితాలో దొంగ ఓట్లు ఉంటే ఆడిట్ పట్టుకుంటుందా?

పట్టుకోదు. పేర్లు తీసేయడం, ఒకరి ఓటు ఇంకొకరు వేయడం, డబ్బు పంచడం, ఇవన్నీ వేరే జబ్బులు, వేరే మందులు. పడిన ఓట్లను సరిగ్గా లెక్కపెట్టారా లేదా అన్నంతవరకే ఆడిట్ చెబుతుంది.

ఈ గణితమంతా సామాన్యుడికి అర్థమవుతుందా?

న్యాయమైన ప్రశ్న. 2005 జర్మనీ ఎన్నికల్లో ఓటింగ్ మెషీన్లు వాడటంపై ఒక తండ్రీకొడుకులు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. తండ్రి రాజనీతి శాస్త్రవేత్త, కొడుకు భౌతిక శాస్త్రవేత్త. 2009 మార్చి 3న కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఎన్నికలోని ముఖ్యమైన దశలను ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని పౌరుడు కూడా సరిచూసుకోగలగాలి. ఆ మెషీన్లు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. తప్పు జరిగిన ఆధారం లేదు కాబట్టి ఎన్నికను మాత్రం రద్దు చేయలేదు.

ఆడిట్ వెనక ఉన్న సూత్రం అందరికీ రాకపోవచ్చు. కానీ పాచికలు వేయడం, పెట్టె తెరవడం, కాగితం పైకెత్తి చూపించి ఎవరి ఓటో చదవడం, ఇవి చూడటానికి డిగ్రీలు అక్కర్లేదు. సూత్రం మీద అనుమానమున్నవాళ్లు తమకు నమ్మకమున్న లెక్కల మాస్టారిని అడగవచ్చు. మెషీన్ లోపల ఏం జరిగిందన్నదానికి అలా అడగడానికి కూడా ఎవరూ ఉండరు.

నేను చేయగలిగిందేమైనా ఉందా?

ఓటేసేటప్పుడు స్లిప్పు వైపు చూడండి. గుర్తు వేరేది కనిపిస్తే అక్కడికక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పండి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే టెస్ట్ ఓటు వేయించి చూస్తారు. ఫిర్యాదు అబద్ధమని తేలితే శిక్ష ఉందన్న టెన్షన్‌తో చాలామంది నోరు మెదపరు. ఆ నిబంధన సడలించాలన్నది కూడా మా డిమాండ్లలో ఒకటి.

పోలింగ్ ఏజెంట్‌గా కూర్చునే అవకాశం వస్తే వదులుకోకండి. పోలింగ్ ముగిశాక ఫారం 17సీ కాపీ అడిగి తీసుకోండి, అది మీ హక్కు. అందులో ఎన్ని ఓట్లు పడ్డాయో, మెషీన్ నంబరేమిటో, సీళ్ల నంబర్లేమిటో ఉంటాయి. కౌంటింగ్ రోజు టేబుల్ మీదికి వచ్చిన మెషీన్ అదేనా, సీళ్లు అవేనా, డిస్‌ప్లేలో వచ్చిన మొత్తం ఓట్లు మీ కాగితంలో ఉన్నన్నేనా చూడండి. తేడా ఉంటే ఆ రౌండ్ ముగిసేలోపే రిటర్నింగ్ అధికారికి రాసివ్వండి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి.